2 క్లబ్స్‌కి జవాబు: ముందు చోటివ్వండి, చేతిలో ఉన్నది తర్వాత చెప్పండి

బ్రిడ్జ్ ఆటలో భాగస్వామి 2 క్లబ్స్‌తో ఓపెన్ చేశాడు, అంటే క్లబ్స్‌తో సంబంధం లేకుండా, తన చేయి చాలా బలమైనదని వేలంలో మొదటి బిడ్‌తోనే చెప్పాడు. మన చేతిలో ఓ ఆసు ఉంది, అటూ ఇటూగా ఎనిమిది పాయింట్లున్నాయి (ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1), ఐదు ముక్కల స్పేడ్స్ కూడా ఉన్నాయి. అవతలివాడి దగ్గర ఇరవై రెండుకు పైనే ఉన్నప్పుడు ఇంత మంచి చేయి రావడం అరుదు కాబట్టి, ఉన్నదంతా వెంటనే చెప్పేయాలనిపిస్తుంది. చాలా జంటలు స్లామ్‌లు (పదమూడు ట్రిక్కుల్లో పన్నెండు, లేదా మొత్తం గెలుస్తామనే కాంట్రాక్టులు) పోగొట్టుకునేది, చేయకూడని స్లామ్‌లలో ఇరుక్కునేది సరిగ్గా ఇక్కడే. బలమైన ఓపెనింగ్‌కి జవాబిచ్చేవాడి (రెస్పాండర్) మొదటి పని తన చేతిని వర్ణించడం కాదు, ఓపెనర్ తన చేతిని చవగ్గా వర్ణించుకునేలా దారి వదలడం. అందుకే దాదాపు ప్రతి చేతితోనూ మొదటి జవాబు 2 డైమండ్స్ అయి ఉండాలని నేను గట్టిగా వాదిస్తాను. ఆ బిడ్‌కి అర్థం 'వింటున్నాను, చెప్పు' అని మాత్రమే. బలహీనమని కాదు, బలమని కాదు, డైమండ్స్ ఉన్నాయని అసలే కాదు.

చోటు ఎంతుందో లెక్క పెడదాం. ప్రతి బిడ్ ముందుదాన్ని మించాలి, కింది నుంచి వరుస క్లబ్స్, డైమండ్స్, హార్ట్స్, స్పేడ్స్, నో ట్రంప్ (తురుపు లేని ఆట). 2 క్లబ్స్ తర్వాత 3 నో ట్రంప్ దాకా, దాన్నీ కలుపుకుంటే, మిగిలిన బిడ్లు తొమ్మిదే. 2 డైమండ్స్ అంటే ఒకటి ఖర్చవుతుంది, ఎనిమిది మిగులుతాయి. 2 స్పేడ్స్ అంటే ఆరు. 3 క్లబ్స్ అంటే నాలుగు. ఓపెనర్ ఇంకా తన సూట్ ఏమిటో కూడా చెప్పలేదు. ఆ చేయి బ్యాలెన్స్‌డా (సూట్లన్నీ దాదాపు సమంగా ఉన్నదా), ఆరు ముక్కల మేజరా (స్పేడ్స్ లేదా హార్ట్స్), రెండు సూట్లా అన్నది తేలకముందే సగం మెట్లు మనమే వాడేసుకుంటే, తేలాల్సినది గేమ్ (3 నో ట్రంప్, 4 హార్ట్స్, 4 స్పేడ్స్ లాంటి, బోనస్ వచ్చే స్థాయి) దాటాక తేలుతుంది. అప్పుడు తెలిసి చేయగలిగింది చాలా తక్కువ.

దీనికి ఎదురుగా వినిపించే వాదన ఒకటుంది: రెస్పాండర్ దగ్గర ఎంతుందో ముందే తెలిస్తే లెక్క వేసేది ఓపెనరే కాబట్టి, ఉన్నదాన్ని మెట్టుకో బిడ్ చొప్పున చెప్పే మెట్ల పద్ధతి మేలు అని. ఆ పద్ధతులు మూడు రకాలు. పాయింట్ల మెట్లలో 2 డైమండ్స్ అంటే 0 నుంచి 3, 2 హార్ట్స్ అంటే 4 నుంచి 6, అలా పైకి పోతుంది. కంట్రోళ్ల మెట్లలో ఆసుకి రెండు, రాజుకి ఒకటి చొప్పున లెక్కగట్టి, ఒకటి లేదా సున్నా ఉంటే 2 డైమండ్స్, రెండుంటే 2 హార్ట్స్, ఆపైన మిగతావి. మూడోది ఆసు చూపించే పద్ధతి: ఆసు లేకపోతే 2 డైమండ్స్, ఉంటే ఆ సూట్ పేరు. వినడానికి మూడూ శాస్త్రీయంగానే ఉంటాయి. ఒక చేతి మీద పరీక్షించి చూద్దాం.

ఓపెనర్ చేయి:
స్పేడ్స్: ఆసు, రాజు, రాణి, జాకీ, 6, 3
హార్ట్స్: ఆసు, రాణి, 4
డైమండ్స్: ఆసు, రాజు, 7
క్లబ్స్: 2

రెస్పాండర్ మొదటి చేయి:
స్పేడ్స్: 8, 7, 4
హార్ట్స్: రాజు, జాకీ, 6, 2
డైమండ్స్: 9, 5, 3
క్లబ్స్: 8, 6, 3

రెస్పాండర్ రెండో చేయి:
స్పేడ్స్: 8, 7, 4
హార్ట్స్: 9, 6, 3, 2
డైమండ్స్: 9, 5, 3
క్లబ్స్: రాజు, జాకీ, 3

రెండింటిలోనూ నాలుగే పాయింట్లు. రెండింటిలోనూ ఒకే రాజు, ఆసు లేదు. మెట్ల పద్ధతులు మూడింటిలో ఏది వాడినా ఈ రెండు చేతులకీ వచ్చే జవాబు ఒక్కటే. కానీ మొదటి చేతితో 6 స్పేడ్స్ (స్పేడ్స్ తురుపుగా పన్నెండు ట్రిక్కులు) ఖాయం: తురుపులో ఆరు ట్రిక్కులు, హార్ట్స్‌లో నాలుగు, డైమండ్స్‌లో రెండు. మూడో డైమండ్‌ని నాలుగో హార్ట్ మీద పారేస్తే, పోయేది ఒక్క క్లబ్. రెండో చేతితో చేతిలో ఉన్న ట్రిక్కులు తొమ్మిదే. క్లబ్ ఆసు ఎక్కడుందన్న దాన్ని బట్టి పదోది రావాలి, 4 స్పేడ్స్ కూడా చెమట పట్టించే కాంట్రాక్టే. వల్నరబుల్ (బోనస్‌లూ పెనాల్టీలూ పెద్దవయ్యే స్థితి) అయితే 6 స్పేడ్స్‌కి 1430, అదే పన్నెండు ట్రిక్కులతో గేమ్‌లో ఆగిపోతే 680.

ఇప్పుడు చోటిచ్చే పద్ధతిలో ఇదే చూడండి. 2 క్లబ్స్, 2 డైమండ్స్, 2 స్పేడ్స్. రెస్పాండర్ రెండు చేతులతోనూ 3 స్పేడ్స్ అంటాడు: మూడు తురుపులున్నాయి, ఒక రాజు ఉంది, పూర్తిగా ఖాళీ చేయి కాదు. ఓపెనర్ 4 క్లబ్స్ అని క్లబ్స్ మొదటి రెండు రౌండ్లలో ఒకదాన్ని ఆపగలనని చెప్తాడు, ఒంటి ముక్కే కాబట్టి. మొదటి చేతితో రెస్పాండర్ 4 హార్ట్స్ అని తన హార్ట్ రాజుని చూపిస్తాడు. ఓపెనర్‌కి కావలసింది ఆ ఒక్క రాజే. ఆరు స్పేడ్స్, మూడు హార్ట్స్, రెండు డైమండ్స్ కలిపి పదకొండు ఎదురుగా కనిపిస్తున్నాయి. పన్నెండోది హార్ట్ జాకీ నుంచో, డైమండ్ రాణి నుంచో, హార్ట్స్ సమంగా పంచుకుపోయి ఉంటే నాలుగో హార్ట్ నుంచో వస్తుంది. రెండో చేతితో రెస్పాండర్‌కి ఎర్ర సూట్లలో చూపించడానికి ఏమీ లేదు, 4 స్పేడ్స్ అని ఆగిపోతాడు. తన క్లబ్ రాజు ఓపెనర్ ఒంటి ముక్క ఎదురుగా దాదాపు వృథా అని 4 క్లబ్స్ వినగానే అతనికే అర్థమవుతుంది. అంటే తేడా తెలిసింది మెట్ల వల్ల కాదు, తురుపు ఏదో తేలాక మిగిలిన చోటు వల్ల. పెద్ద చేయి ఎదురుగా నాలుగు పాయింట్లు ఎన్ని అన్నది ప్రశ్నే కాదు. ఏ సూట్‌లో ఉన్నాయన్నదే ప్రశ్న.

మెట్ల పద్ధతి అసలే పనికిరాదని అనడం లేదు. ఇటలీ బ్లూ టీమ్ వాడిన బ్లూ క్లబ్‌లో 17కు పైబడిన చేతులకి 1 క్లబ్ ఓపెనింగ్, దానికి కంట్రోళ్ల మెట్లలో జవాబులు. అక్కడ అది చక్కగా నడిచింది. 1 క్లబ్ తర్వాత 3 నో ట్రంప్ దాకా పద్నాలుగు బిడ్లుంటాయి, మూడు కంట్రోళ్లు చూపించే 1 స్పేడ్ జవాబు తర్వాత కూడా పదకొండు మిగులుతాయి. ప్రెసిషన్ అనే మరో బలమైన క్లబ్ పద్ధతిలో కూడా 1 క్లబ్‌కి 0 నుంచి 7 దాకా 1 డైమండ్, 8కి పైన సహజమైన బిడ్లు. 1 క్లబ్, 1 డైమండ్ అన్న ఈ జంట ఏర్పాటుని మొదట వాడినది 1925లో కాంట్రాక్ట్ బ్రిడ్జ్ స్కోరింగ్‌ని తీర్చిదిద్దిన హెరాల్డ్ వాండర్‌బిల్టే. ఒక అంతస్తు కింద మొదలైన సంభాషణలో భరించగలిగిన ఖర్చుని 2 క్లబ్స్ మీద కూడా భరించగలమనుకోవడమే పొరపాటు.

చోటు కాక ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు: ఎవరు ఆడాలి అన్నది. నిబంధన ప్రకారం చివరి కాంట్రాక్ట్ ఏ సూట్‌లో ఉందో, జంటలో ఆ సూట్ పేరు మొదట పలికినవాడే డిక్లేరర్, అంటే ఆడేవాడు; అతని భాగస్వామి చేయి డమ్మీ, అందరికీ కనిపించేలా పరుస్తారు. ఆ బిడ్ కృత్రిమమైనదైనా లెక్కలోకి వస్తుంది. బలమైన చేయి డమ్మీగా బల్ల మీద పరుచుకుంటే రెండు నష్టాలు. ప్రత్యర్థులిద్దరికీ ఇరవై మూడు పాయింట్లూ కళ్ల ముందు కనిపిస్తాయి, ఇక వాళ్ల డిఫెన్స్ సులువు. రెండోది, మొదటి ముక్క ఆ చేతి మీదుగా వెళ్తుంది. హార్ట్స్‌లో ఆసు, రాణి పట్టుకున్న చేతివైపుకి హార్ట్ లీడ్ వస్తే రాణి ఊరికే ట్రిక్కవుతుంది. అదే చేయి డమ్మీ అయితే, వెనక కూర్చున్నవాడి రాజు రాణిని మింగేస్తుంది.

పాతతరం బ్రిడ్జ్ నిపుణుడు కల్బర్ట్‌సన్ కాలంనాటి పద్ధతిలో ఏ సూట్‌లో రెండు అన్నా గేమ్ దాకా బలవంతమే (గేమ్ చేరేదాకా పాస్ చేయకూడదు), బలహీనమైన చేతికి జవాబు 2 నో ట్రంప్. చేతిలో ఏమీ లేనివాడే నో ట్రంప్ పేరు మొదట పలికేవాడు, 3 నో ట్రంప్ ఆడాల్సింది అతనే అయ్యేది. అదే లోపం ఇవాళ వేరే వేషంలో మిగిలింది. 8కి పైన బ్యాలెన్స్‌డ్ చేతితో 2 నో ట్రంప్ అనడం ఇంకా చాలా జంటల కార్డు మీద ఉంది. దాన్ని తీసేయమనే నా సలహా. ఓపెనర్ 22 బ్యాలెన్స్‌డ్ అయితే ఆట తప్పుడు చేతిలో పడుతుంది. అతనికి మేజర్ ఉంటే దాన్ని మూడో స్థాయిలో మొదలుపెట్టాలి. ఆ చేతితో 2 డైమండ్స్ అనండి. ఓపెనర్ 2 నో ట్రంప్ అని 22 నుంచి 24 చూపిస్తే, మీకు 11 ఉన్నప్పుడు మొత్తం కనీసం 33, తిన్నగా 6 నో ట్రంప్. 9 లేదా 10 ఉంటే 4 నో ట్రంప్ అని ఆహ్వానించండి, 24 ఉన్నవాడు ఒప్పుకుంటాడు. ఏదీ పోలేదు, పైగా ఆడేది సరైన చేయి.

ఇదే కారణంతో 2 హార్ట్స్‌ని తక్షణ నెగటివ్‌గా (చేయి బలహీనమని వెంటనే చెప్పే బిడ్‌గా) వాడే ఏర్పాటుకి నేను రెండో స్థానమే ఇస్తాను. అందులో ఆసు, రాజు, రెండు రాణులు ఇవేవీ లేని చేతితో 2 హార్ట్స్ అంటారు. 2 డైమండ్స్ అంటే ఏదో ఒకటి ఉన్నట్టే, గేమ్ దాకా బలవంతం. గుర్తుపెట్టుకోవడం తేలిక, కొత్తగా కలిసిన జంటకి మంచిదే. కానీ ఓపెనర్ సూట్ హార్ట్సే అయితే, ఖాళీ చేయి డిక్లేరర్, ఇరవై మూడు పాయింట్లు డమ్మీ, పైగా సూట్ మూడో స్థాయిలో మొదలవ్వాలి.

మరి బలహీనమని ఎప్పుడు చెప్పాలి? రెండో విడతలో. ఓపెనర్ 2 హార్ట్స్ లేదా 2 స్పేడ్స్ అన్నాక చవకైన మైనర్ (క్లబ్స్ లేదా డైమండ్స్), అంటే 3 క్లబ్స్, రెండో నెగటివ్. అర్థం: సుమారు మూడు పాయింట్ల లోపు, ఆసు లేదు, రాజు లేదు, చెప్పుకోదగ్గ తురుపు మద్దతు కూడా లేదు. ఓపెనర్ 3 క్లబ్స్ అంటే ఆ పని 3 డైమండ్స్ చేస్తుంది. ఓపెనర్ 3 డైమండ్స్ అంటే చవకైన మైనర్ మిగలదు. అక్కడ ఏ బిడ్ నెగటివో జంట ముందే ఒప్పుకుని ఉండాలి, ఆట మధ్యలో ఊహించే విషయం కాదది. ఈ ఇరుకు వల్లే మైనర్ సూట్ పెద్ద చేతుల్ని 2 క్లబ్స్‌తో కాక ఒకటి స్థాయిలో ఓపెన్ చేయడం చాలాసార్లు తెలివైన పని.

గేమ్ కంటే కింద ఆగగలిగే చోట్లు రెండే రెండు. ఒకటి, 2 క్లబ్స్, 2 డైమండ్స్, 2 నో ట్రంప్ తర్వాత. రెండోది, రెండో నెగటివ్ విన్నాక ఓపెనర్ తన మేజర్‌నే మూడో స్థాయిలో మళ్లీ అంటే. మిగతా అన్ని దారుల్లో పాస్ లేదు. ముఖ్యంగా చేతిలో ఏమీ లేక క్లబ్స్ ఆరున్నా సరే, 2 క్లబ్స్‌ని మాత్రం పాస్ చేయకూడదు. ఓపెనర్‌కి క్లబ్ ఒక్కటే ఉండొచ్చు, పైన చూసిన చేతిలో అలాగే ఉంది.

2 నో ట్రంప్ అన్నాక ఒకటి స్థాయి నో ట్రంప్‌కి వాడే ఏర్పాట్లన్నీ ఒక మెట్టు పైన పనిచేస్తాయి: 3 క్లబ్స్ స్టేమన్ (నాలుగు ముక్కల మేజర్ ఉందా అన్న ప్రశ్న), 3 డైమండ్స్ అంటే హార్ట్స్, 3 హార్ట్స్ అంటే స్పేడ్స్ (ఈ రెండూ ట్రాన్స్‌ఫర్‌లు, ఆ సూట్‌ని ఓపెనర్ చేతే పలికిస్తాయి). సున్నా పాయింట్లతో ఆరు స్పేడ్స్ ఉన్న చేతిని నో ట్రంప్‌లో వదిలేయడం తప్పు. డమ్మీకి వెళ్లే దారే ఉండదు, ఆ ఆరు ముక్కలూ పేకలో ఉండీ లేనట్టే. 3 హార్ట్స్ అని ట్రాన్స్‌ఫర్ చేసి 3 స్పేడ్స్‌ని పాస్ చేస్తే అవే ముక్కలు తురుపులవుతాయి. మూడు పాయింట్లుంటే గేమ్‌కి వెళ్లొచ్చు.

25కి పైన బ్యాలెన్స్‌డ్ చేతులది ప్రత్యేకమైన ఇబ్బంది. మామూలుగా ఓపెనర్ 3 నో ట్రంప్‌కి గెంతాలి, దాంతో స్టేమన్, ట్రాన్స్‌ఫర్ ఆడే చోటంతా పోతుంది. బ్రిడ్జ్ నిపుణుడు ఎరిక్ కోకిష్ పేరుతో నిలిచిన ఏర్పాటు దీన్ని అందంగా సర్దుతుంది. 2 క్లబ్స్, 2 డైమండ్స్ తర్వాత ఓపెనర్ 2 హార్ట్స్ అంటే హార్ట్స్ అయినా ఉండాలి, 25కి పైన బ్యాలెన్స్‌డ్ అయినా ఉండాలి. రెస్పాండర్ దాదాపు కళ్లు మూసుకుని 2 స్పేడ్స్ అంటాడు. ఆ తర్వాత 2 నో ట్రంప్ వస్తే పెద్ద బ్యాలెన్స్‌డ్ చేయి, గేమ్ దాకా బలవంతం. ఇంకేదన్నా వస్తే హార్ట్స్ నిజమే. ఇక్కడ జరిగే తప్పు ఒక్కటే: రెస్పాండర్‌కి మూడు హార్ట్స్ ఉండేసరికి ఏర్పాటు మరిచిపోయి 3 హార్ట్స్ అనేస్తాడు. కోకిష్ ఆడతామని ఒప్పుకుంటే ఆ 2 స్పేడ్స్ రెండో ఆలోచన లేకుండా రావాలి.

ఓపెనర్ 2 స్పేడ్స్ అన్నాక మద్దతిచ్చే తీరు ఇంకొంచెం వివరంగా చూడాలి. ఇక్కడ 3 స్పేడ్స్ కంటే 4 స్పేడ్స్ బలహీనం. కొత్తవాళ్లకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. గేమ్ ఎలాగూ తప్పదు కాబట్టి నెమ్మదిగా వెళ్లేవాడు ఇంకా మాట్లాడాలనుకుంటున్నాడు, ఒక్క గెంతులో వెళ్లేవాడు మాట్లాడటానికి ఏమీ లేదంటున్నాడు. 4 స్పేడ్స్ అంటే తురుపులున్నాయి, ఆసు, రాజు, ఒంటి ముక్క, ఖాళీ సూట్ ఏవీ లేవు అని. ఇప్పుడీ చేయి చూడండి: స్పేడ్స్ జాకీ, 8, 6, 4, హార్ట్స్ 5, డైమండ్స్ 9, 7, 6, 4, 2, క్లబ్స్ 8, 5, 3. ఒకే పాయింటు. చాలామంది 3 క్లబ్స్ అని నెగటివ్ ఇచ్చేస్తారు. నాలుగు తురుపులు, పక్కన ఒంటి హార్ట్: ఓపెనర్ పోగొట్టుకునే హార్ట్స్‌ని ఈ చేయి రెండు మూడుసార్లు తురుపుతో కొట్టగలదు. స్ప్లింటర్ (ఒంటి ముక్క ఉన్న సూట్‌కి గెంతి మద్దతు చూపించడం) ఒప్పందం ఉంటే 4 హార్ట్స్, లేకపోతే 3 స్పేడ్స్. అలాగే తురుపు రాణితో మూడు ముక్కలున్న చేతిని కూడా ఖాళీ చేయి అనుకోకండి. ఓపెనర్ తురుపులో ఆసు, రాజుతో ఉన్నప్పుడు ఆ రాణి ఒక్కటీ అతని పెద్ద బెంగ తీరుస్తుంది.

అయితే 2 డైమండ్స్ తప్ప ఇంకేమీ అనకూడదా? అనొచ్చు, కానీ గీత కఠినంగా ఉండాలి. 2 హార్ట్స్, 2 స్పేడ్స్ అనాలంటే కనీసం ఐదు ముక్కలు, ఆసు, రాజు, రాణిల్లో రెండు ఆ సూట్‌లోనే, మొత్తం 8 పాయింట్లు. స్పేడ్స్ రాజు, రాణి, 10, 8, 4. హార్ట్స్ 7, 3. డైమండ్స్ రాజు, 6, 2. క్లబ్స్ 9, 5, 4: ఈ చేయి 2 స్పేడ్స్‌కి తగును. స్పేడ్స్ రాణి, 9, 7, 5, 3 మాత్రమే ఉండి పాయింట్లు వేరే సూట్లలో చెల్లాచెదురుగా ఉంటే, పది ఉన్నా తగదు. ఎందుకంటే 2 స్పేడ్స్ విన్న ఓపెనర్ తన చేతిలోని ఆసు, ఇంకో చిన్న ముక్కని చూసి సూట్‌కి రంధ్రాలు లేవని లెక్కేస్తాడు, ఆ లెక్క మీదే స్లామ్‌కి వెళ్తాడు. మొదటి చేతితో ఆ లెక్క నిలుస్తుంది, రెండోదాంతో తురుపులోనే రెండు ట్రిక్కులు పోవచ్చు. 3 క్లబ్స్, 3 డైమండ్స్‌కి ఆరు ముక్కలు, పెద్దవి రెండు తప్పనిసరి. ఒక అంతస్తు మొత్తం మింగే బిడ్‌కి ఆమాత్రం బరువుండాలి.

ఒక పక్క మాట. మంచి చేతితో 2 డైమండ్స్ అనేటప్పుడు చాలాసేపు ఆలోచించి అనొద్దు. ఆ ఆలస్యమే మీ దగ్గర ఏదో ఉందని చెప్తుంది, దాన్ని వాడుకునే హక్కు భాగస్వామికి లేదు. న్యాయంగా ఆడేవాడైతే మీ ఆలస్యం అతని చేతులు కట్టేస్తుంది. వేగంగా కాదు, నెమ్మదిగా కాదు, ప్రతిసారీ ఒకే లయలో అనండి.

ఇదంతా ఓపెనర్ నిజాయితీ మీద కూడా ఆధారపడి ఉంటుంది. పద్నాలుగు పాయింట్లు, ఎనిమిది ముక్కల స్పేడ్స్‌తో 2 క్లబ్స్ తెరిచేవాడి ఎదురుగా ఏ జవాబు పద్ధతీ నిలవదు. రెస్పాండర్ ఒక ఆసు, ఒక రాజు చూసుకుని స్లామ్‌కి నడుస్తాడు, ఓపెనర్ దగ్గర పక్క సూట్లలో ఏమీ ఉండదు.

ఇక ప్రత్యర్థులు మధ్యలో దూరితే. దూరతారు, దూరాలి కూడా. వాళ్లు నాన్‌వల్నరబుల్, మీరు వల్నరబుల్ అయితే, మూడు ట్రిక్కులు తక్కువై డబుల్ (పెనాల్టీని పెంచే పిలుపు) పడినా వాళ్లకి పోయేది 500, మీ 4 స్పేడ్స్‌కి 620. నాలుగు తక్కువైతే 800, అప్పుడు లాభం మీది. వాళ్ల ఆశ అంతా ఆ ఒక్క ట్రిక్కు తేడా మీద, మీ తడబాటు మీద ఉంటుంది. ఇక్కడే మెట్ల పద్ధతి పూర్తిగా కూలుతుంది. 2 క్లబ్స్ మీద 3 డైమండ్స్ పడితే ఏ మెట్టుకి ఏ అర్థమో మళ్లీ కొత్తగా లెక్కపెట్టాలి. చోటిచ్చే పద్ధతిలో మారేది కొంచెమే. నేను సిఫారసు చేసే ఒప్పందం: అడ్డుబిడ్ తర్వాత రెస్పాండర్ డబుల్ అంటే 'నా దగ్గర ఏమీ లేదు', పాస్ అంటే 'ఏదో ఒకటి ఉంది, నువ్వు చెప్పు'. ఆ పాస్‌ని ఓపెనర్ వదిలేయడానికి వీల్లేదు. సూట్ బిడ్ అంటే ముందు చెప్పిన కఠినమైన గీత దాటిన సూట్. డబుల్ విన్న ఓపెనర్ బ్యాలెన్స్‌డ్ అయితే అక్కడే ఆగి వాళ్ల చేత ఆడిస్తాడు, ఒక్క సూట్ మీదే నిలిచిన చేయి అయితే ముందుకు పోతాడు.

నాలుగో స్థాయిలో, ఐదో స్థాయిలో కూడా దిశ అదే: డబుల్ అంటే ఇక పైకి పోవద్దని, పాస్ అంటే పోవడానికి అభ్యంతరం లేదని. స్థాయిని బట్టి అర్థం తిరగబడకపోవడం ముఖ్యం, 5 క్లబ్స్ అడ్డుపడ్డ క్షణంలో ఎవరికీ పట్టికలు గుర్తుకురావు. ప్రత్యర్థి ఊరికే 2 క్లబ్స్‌ని డబుల్ చేస్తే మీ ఏర్పాట్లన్నీ యథాతథం, 2 డైమండ్స్ ఇంకా 'చెప్పు' అనే. రీడబుల్ మాత్రం క్లబ్స్ బాగున్నాయని, కావాలంటే అక్కడే ఆడదామని.